కొట్టేసిన పేరు

బద్వేలు దగ్గర సగిలేటి గట్టునున్న మిషన్ పాళెంలో, కూలికి పోయే విశ్వాసమ్మ తన కూతురికి సెలా అని పేరు పెట్టుకుంది. పిల్ల బడిలో చేరిన రోజే ఆ పేరు మీద ఎర్రసిరా గీత పడింది, పైన సుంకులమ్మ అని వేరే పేరు ఎక్కింది. ఆ పిల్లకు ఇప్పుడు నలభై ఆరేళ్లు. హాస్టల్లో వంట చేస్తూనే ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్షకు కట్టింది. సర్టిఫికెట్ మీద తన అసలు పేరు రావాలన్నది ఆమె కోరిక. గీత కొట్టింది తానేనని అప్పటి హెడ్మాస్టరు రాసిస్తే రిజిస్టరు సరిచేస్తామని బడివాళ్లు చెప్పారు. బుధవారంతో గడువు అయిపోతుంది. ఆ సంతకం కోసమే ఆమె కూతురు మహిమ ఆదివారం తెల్లారకముందే కర్నూలు బస్సెక్కింది.

కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగేసరికి పదకొండు దాటింది. మైదుకూరు దాటినప్పటి నుంచి మహిమ ఒళ్లోని ప్లాస్టిక్ ఫోల్డరు మీద నుంచి చెయ్యి తీయలేదు. గుడిలోని బాప్తిస్మం పుస్తకం పేజీ నకలొకటి, బడి రిజిస్టరు పేజీ నకలొకటి, హెడ్మాస్టరు సంతకం పెట్టాల్సిన కాగితమొకటి అందులో ఉన్నాయి. ఏం మాట్లాడాలో కూడా దారిలోనే కుదుర్చుకుంది. మర్యాదగా అడగాలి. పాత కోపం పైకి రానీయకూడదు.

అమ్మ కూడా అదే చెప్పి పంపింది. "గట్టిగా మాట్లాడొద్దు పాపా. ఆయప్పకు ఎనభై ఆరేండ్లు. సంతకం పెట్టించుకోని రా, సాలు."

ఆటోవాడు దింపిన ఇంటి ముందు షామియానా వేసి ఉంది. బంతిపూల తోరణం, కార్లు, పట్టుచీరలు. ఇల్లు తప్పేమో అనుకుంది మహిమ. గేటు పక్కన 'అయ్యన్న, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు' అన్న పాత పలక కనబడింది. తప్పలేదు. ఆ పలక పైనే గులాబీరంగు ఫ్లెక్సీ ఒకటి కట్టారు. మధ్యలో పసిపాప ఫోటో, పైన 'నామకరణ మహోత్సవం', కింద ఇంత పెద్ద అక్షరాలతో పాప పేరు.

సెలా.

మహిమ ఆ రెండక్షరాలూ ఒకటికి రెండుసార్లు చదువుకుంది.

అవి ఆమెకు కొత్త అక్షరాలు కావు. కడప జిల్లాలోని ఒక మునిసిపల్ ఆఫీసులో జనన ధ్రువపత్రాల కౌంటరు ఆమెది. ఉద్యోగంలో చేరిన ఏడు ఆ పేరు ఒక్కసారే వచ్చింది. ఆ రోజు కుర్చీలోంచి లేచి వెళ్లి మరీ ఆ పిల్లను చూసొచ్చింది. మరుసటి ఏడు రెండు. ఆ తర్వాత తొమ్మిది. పోయినేడు ముప్పై ఒకటి. ఈ ఏడు దసరా నాటికే యాభై రెండు! సెలా, సేలా, శెలా, ఒకాయనైతే చివర హకారం కూడా పెట్టించుకున్నాడు. "ఈ పేరు ఎవురు చెప్పినారన్నా?" అని అడిగితే అందరిదీ ఒకటే మాట. "ఫోన్లో చూస్తిమి మేడమ్. శానా రేర్ పేరంట."

అంత రేర్ పేరుతో అమ్మ అయిదేళ్లు బడికి ఎట్లా పోయిందో మహిమకు తెలుసు. రిజిస్టరులో మారినా పిల్లల నోట్లో ఆ పేరు మారలేదు. దారి పొడుగునా "సెలా సెలా ఛూ" అని కుక్కను ఉసిగొల్పినట్టు అరిచేవాళ్లట. ఆ మాట పిల్లలకు నేర్పింది హెడ్మాస్టరే. పిల్ల పేరు చెప్పగానే, "ఇదేం పేరే, కుక్కను పిలిచినట్టుండాది" అని తరగతి మొత్తం వినేట్టు నవ్వి, ఎర్రకలం తీశాడని అమ్మ చెప్పింది. ఆ వారం ఊళ్లో సుంకులమ్మ జాతర. ఆ పేరే రాసి పడేశాడు.

"ఆ తల్లి పేరు మింద నాకేం కోపం లేదు. నాది కాదు, అంతే" అనేది అమ్మ.

ఆ హెడ్మాస్టరు మునిమనవరాలికి ఇప్పుడు అదే పేరు పెడుతున్నారు. షామియానా కింద, సన్నాయి పెట్టి.

లోపల హాలు నిండా జనం. జరీ చీర కట్టిన ఊయల, దాని ముందు పళ్లెంలో బియ్యం, బియ్యం మీద పేరు రాయడానికి బంగారు ఉంగరం. ఊయల పక్కన కుర్చీలో తెల్లని పంచెతో కూర్చున్న ముసలాయనే అయ్యన్న సారని చూడగానే తెలిసిపోయింది. పిల్లతల్లి లక్ష్మీప్రియ, ఆయన మనవరాలు, పీట మీద కూర్చుని ఉంది. ఆమె తండ్రి శివశంకర్, ఎరువుల డీలరు, మైకు పట్టుకుని నిలబడ్డాడు.

మహిమ వెనక వరసలో గోడకు ఆనుకుని నిలబడింది. కార్యక్రమం అయిపోయాక, ముసలాయన్ను ఒంటరిగా కలిసి అడుగుదామనుకుంది. ఆ మైకు నోరు తెరవకపోతే అట్లాగే చేసేది కూడా.

"ఈ పేరు యాడ పట్టినారప్పా అని పొద్దున్నించి అందరూ అడుగుతాండారు," అన్నాడు శివశంకర్ నవ్వుతూ. "ఊరికే దొరకలేదు. మూడు నెలలు వెతికినాము. సంస్కృతంలో శిల అంటే స్థిరంగా నిలబడేది. దాంట్లోంచి పుట్టిందే సెలా. మన కడప, కర్నూలు రెండు జిల్లాల్లో ఇంకెవురికీ ఈ పేరు లేదు. మనింట్లోనే మొదులు!"

చప్పట్లు మోగాయి.

"ఉండాది సార్," అంది మహిమ.

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. చప్పట్లు ఆగాయి. తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"ఎవురు పాపా నువ్వు?"

"బద్వేలు కాడ నుంచి వచ్చినా సార్. పెద్దసారుతో ఒక సంతకం పని ఉండాది. మీ పాపకంటే ముందు ఆ పేరు శానామందికి ఉండాది. అందరికంటే ముందు మా అమ్మకు ఉండాది."

ఎవరో కిసుక్కుమన్నారు. శివశంకర్ నవ్వు మొహం చెదరకుండానే మైకు పక్కవాడికిచ్చి, పూజ కానివ్వమని పంతులుకు సైగ చేసి, మహిమను పక్కగదిలోకి రమ్మన్నాడు. అతని భార్య కృష్ణవేణమ్మ కొంగు సర్దుకుంటూ వెనకే వచ్చింది.

గదిలో అతను కాగితాలు చదివాడు. బాప్తిస్మం పేజీని చూసీ చూడనట్టు పక్కన పెట్టాడు. బడి రిజిస్టరు నకలు దగ్గర మాత్రం చూపు ఆగింది. కొట్టివేత కింద సెలా అన్న అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా కనబడుతున్నాయి. పైన సుంకులమ్మ, పక్కన పొట్టి సంతకం. తండ్రి రాత కొడుక్కి తెలియకుండా ఉంటుందా? అతని మొహంలో మహిమ ఆ గుర్తింపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత అతను ఫోల్డరు మూసేశాడు.

"నాయనకు ఇవేమీ జ్ఞాపకం లేవు."

"మీరు అడక్కుండానే ఎట్ల చెప్తారు సార్?"

"నలభై యేండ్లు సుంకులమ్మా అంటే పలికింది గదా మీ అమ్మ. ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?"

"నలభై ఆరేండ్లకు, హాస్టల్లో వంట చేస్తానే పదో తరగతి రాస్తాండాది. సర్టిఫికెట్ వస్తాది సార్."

కృష్ణవేణమ్మ మధ్యలోకి వచ్చింది. "శుభమా అని పిల్లకు పేరు పెట్టుకుంటాంటే ఇప్పుడే రావాల్నా పాపా నువ్వు? భోంచేసి పో. ఇంకోనాడు రా, మాట్లాడుకుందాం."

"బుధవారం దాకే అమ్మా గడువు. రెండు నిమిషాల పని. పెద్దసారు చదివి, నిజమైతేనే సంతకం పెట్టనీ."

శివశంకర్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "చూడు పాపా, చదువుకున్నదానివి, చెప్తే అర్థం చేసుకుంటావు. ఇయ్యాల ఇంతమందిని పిలిచి పెట్టుకుంటాండాము ఈ పేరు. రేపు మా మనవరాలి పేరూ, మీ పాళెంలో వంట చేసే ఆమె పేరూ ఒకటే అని నలుగురికీ తెలిస్తే ఏం బాగుంటాది? మీ అమ్మకు పేరు మార్చాల్సిందే అంటే మార్పిద్దాం. నాకు తెలిసినోళ్లు ఉండారు, నేను మాట్లాడతా. మార్తా అని పెట్టుకోమను, మరియమ్మ అని పెట్టుకోమను. మీలో ఎన్ని పేర్లు లేవు? ఈ ఒక్కటీ వద్దు."

మహిమ బల్ల మీది ఫోల్డరును తన వైపు జరుపుకుంది. అమ్మ చెప్పిన మాట గుర్తుంది. గట్టిగా మాట్లాడకూడదన్నది గుర్తుంది. కానీ మీలో ఎన్ని పేర్లు లేవు అన్న ఆ మాట, సంతలో గాజుల బుట్ట ముందు నిలబడి ఏదో ఒకటి తీసుకో అన్నట్టు అతను అన్న తీరు, ఆమె నోటికి పెట్టుకున్న అడ్డు తీసేసింది.

"ఎవురికీ లేని పేరని మైకులో చెప్తిరి. ఉందంటే, ఉన్నామెను మార్చుకోమంటాండారు. ఎంత న్యాయం సార్ మీది! మా అమ్మకు పెడితే కుక్క పేరు. మీ ఇంటికి రాంగానే సంస్కృతమైపాయెనా? అయిదేండ్లు ఆ పిల్లను దోవెంట ఛూ ఛూ అని తరిమినారు. బడి మానేసింది సార్ మా అమ్మ. అయిదో తరగతితోనే మానేసింది. ఇప్పుడు పొద్దున మూడొందల మందికి ఉప్మా చేసి, సాయంత్రం కూర్చోని లెక్కలు చేసుకుంటాంటే, ఆ కాయితం మింద కూడా తన పేరు రాకూడదా? మీ నాయన ఒకసారి కొట్టేసినాడు. ఆయప్పకైనా ఎర్రసిరా కావాల్సి వచ్చింది. మీరు నోటితోనే కొట్టేస్తాండారు!"

"ఏయ్, మాటలు జాగ్రత్త."

"నావి జాగ్రత్తగానే ఉండాయి. మీ నాయన మాటలే జాగ్రత్తగా లేవు."

"నాయనా," అన్నారెవరో.

తలుపు తెరిచే ఉంది. లక్ష్మీప్రియ పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. ఆమె వెనక సన్నాయి ఆగిపోయి చాలాసేపైంది.

"ఆమె పేరు మార్చుకోమంటాండావా నాయనా?" అంది లక్ష్మీప్రియ. "పాప పుట్టి ఇరవై ఒక్క దినాలు. ఆమెకు నలభై ఆరేండ్లు. ఎవురో ఒకరిది మార్చాల్సిందే అయితే ఎవురిది సులభం?"

"నీకు తెలీదు, నువ్వు పో ఊయల కాడికి."

"తెలియకపోతే తాతను అడుగుదాం."

పాపను తల్లి చేతికిచ్చి, బల్ల మీది ఫోల్డరు తీసుకుని ఆమె హాల్లోకి నడిచింది. కృష్ణవేణమ్మ మనవరాలిని గుండెకు హత్తుకుని అక్కడే నిలబడిపోయింది. శివశంకర్ కూతుర్ని ఆపలేకపోయాడు. అంతమంది ముందు చెయ్యి పట్టి లాగడానికి అతనికి మొహం చెల్లలేదు. మహిమ వెనకే వెళ్లింది.

అయ్యన్న సారు కళ్లజోడు అడిగి పెట్టుకున్నాడు. రిజిస్టరు నకలును వెలుతురు వైపు తిప్పి చూశాడు. సంతకం కాగితంలో ఉన్నది నాలుగు లైన్లే, అయినా చాలాసేపు చదివాడు. మళ్లీ నకలు మీది కొట్టివేత మీద వేలు పెట్టాడు.

"నా రాతే ఇది," అన్నాడు చివరికి.

"నాయనా, నీకు ఒంట్లో బాగలేదు, ఇవన్నీ..."

"ఒంట్లో బాగలేదు గాని, కండ్లు కనపడతాండాయి శివా." ఆయన మహిమ వైపు తిరిగాడు. "నువ్వు ఆ పిల్ల కూతురివా?"

"అవును సార్."

"ఏమన్నానో చెప్పిందా మీ అమ్మ?"

మహిమ తల ఊపింది. అంత కోపంలోనూ ఆ మాట ఆయన మొహం మీద అనలేకపోయింది. ఆయనే అన్నాడు, హాలంతా వినేట్టు. "కుక్కను పిలిచినట్టుందని అంటి. పిల్లోళ్లంతా నవ్వితే నాకు సంబరమనిపించింది. ఆ పిల్ల ఏడ్వలేదు. నన్నే చూస్తా నిలబడింది. ఎర్ర గౌను, చేతిలో పలక. ఏడ్చింటే మర్చిపోయిందునేమో."

లక్ష్మీప్రియ కలం ఇచ్చింది. ముసలాయన ఒక్కో అక్షరమే దిద్దినట్టు సంతకం చేశాడు. కింద తేదీ వేశాడు. ఆ పైన, ఎవరూ అడక్కుండానే, టైపు చేసిన వాక్యాల పక్కన సొంత రాతతో 'తప్పు నాది' అని రాశాడు.

మహిమ కాగితాన్ని ఫోల్డరులో పెట్టుకుంది. బస్సులో కుదుర్చుకున్న కృతజ్ఞతల మాట ఒక్కటీ నోటికి రాలేదు. రాకపోవడమే న్యాయమనిపించింది. తనది తనకు ఇచ్చినందుకు దండం ఎందుకు పెట్టాలి?

"అక్కా," అని లక్ష్మీప్రియ నెమ్మదిగా అడిగింది. "ఆ పేరుకు నిజంగా అర్థమేంది? శిల కాదు గదా?"

"కాదు. గుళ్లో కీర్తన చదివేటప్పుడు మధ్యలో వస్తాది ఆ మాట. ఇదీ అర్థమని ఎవురూ గట్టిగా చెప్పలేరంట. చదివేవాళ్లు అక్కడ ఆగి ఊపిరి తీసుకుంటారు. మా అవ్వకు చదువు రాదు. రాయి మోసీ, కలుపు తీసీ బతికినామె. కూలోళ్లింట్లో పుట్టినదానికి ఆగి ఊపిరి తీసుకునే పేరన్నా ఉండనీ అని పెట్టింది."

లక్ష్మీప్రియ బియ్యప్పళ్లెం వైపు చూసింది. ఉంగరం తీసి తండ్రి చేతిలో పెట్టేసింది. "ఈ పొద్దు రాయను. ముందు ఆ అమ్మకు చెప్పి, ఆమె సరే అంటేనే రాస్తా. ఫోన్ చెయ్యక్కా, నేను మాట్లాడతా."

శివశంకర్ ఉంగరాన్ని గుప్పిట్లో పట్టుకుని, చుట్టూ ఉన్న చుట్టాల్లో ఎవరి కళ్లలోకీ చూడకుండా వాకిట్లోకి వెళ్లిపోయాడు.

మహిమ ఫోన్ తీసింది. నంబరు నొక్కబోతుంటే ముసలాయన చెయ్యెత్తి దగ్గరకు పిలిచాడు. వంగమన్నాడు. ఈసారి ఆయన గొంతు ఆమె ఒక్కదానికే వినబడింది.

"నవ్వింది నేను, కొట్టేసింది నేను. దానికి సాకు చెప్పను. కానీ నీకు తెలియాల్సింది ఒకటుండాది. ఆ పొద్దు నవ్వినా గాని, సెలా అనే రాసుకుంటి. కొట్టేయాలనుకోలేదు. మధ్యాన్నం బెల్లు కొట్టినాక ఒకాయన వచ్చినాడు. సార్, ఆ పేరు ఉంచొద్దు, ఇంకేదన్నా రాయండి అని చేతులు పట్టుకున్నాడు. మావాళ్లు కాదు. మీ పాళెం మనిషే."

"ఎవురు సార్?"

"దావీదురాజు."

మహిమ ఆ పేరు ఇంకొకరిదేమో అనుకోవాలని చూసింది. పాళెంలో ఆ పేరు గల మనిషి ఒక్కడే. యాభై ఏళ్లుగా గుళ్లో కీర్తనలు చదివే ఉపదేశి. సెలా అన్న మాట విశ్వాసమ్మ అవ్వ చెవిన పడింది ఆయన గొంతులోంచే. మహిమకు అక్షరాలు దిద్దబెట్టింది ఆయనే. ఫోల్డరులో ఉన్న బాప్తిస్మం పేజీ కోసం మొన్న బీరువా అంతా వెతికి, దుమ్ము తుడిచి, పోయిరా తల్లీ అని తల మీద చెయ్యి పెట్టి పంపింది కూడా ఆయనే!

"ఎందుకంట సార్?"

"నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగింటే బాగుండు."

ముందు తాను మాట్లాడతానని లక్ష్మీప్రియకు చెప్పి, మహిమ గేటు బయటికి వచ్చి అమ్మకు ఫోన్ చేసింది. మొదటి మోతకే అమ్మ ఎత్తింది.

"పెట్టినాడా పాపా?"

"పెట్టినాడు మా. తప్పు నాదని కూడా రాసినాడు."

అవతల ఒక పెద్ద ఊపిరి వినబడింది. అమ్మ ఏడుస్తోందేమో. ఆ క్షణాన్ని పాడుచేయాలని లేకపోయినా మహిమ ఉండబట్టలేకపోయింది. "మా, దావీదురాజు తాత ఆ పొద్దు బడికి..."

"నాకు తెలుసు," అంది అమ్మ.

"తెలుసా? ఎప్పటినించి?"

"ఆ దినం నుంచే. వాకిలి పక్కనే నిలబడుకోనుంటి."

"తెలిసే నాకు చెప్పలేదా? ఆయప్ప చేతి మీదుగానే ఆ కాయితం తీసుకుంటి గదా నేను! ఆశీర్వాదం కూడా తీసుకుంటి!"

మహిమ గొంతు మళ్లీ పైకి లేచింది. రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తున్నా లెక్క చేయలేదు. ఇంతసేపూ ఆ ఇంట్లో నిలబడి ఎవరి మీద మండిపడిందో, ఆ మంట ఇప్పుడు ఎటు తిప్పాలో ఆమెకు తెలియడం లేదు. అవతల ఎవరో మగమనిషి దగ్గడం వినబడింది. అమ్మ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరితోనో ఏదో అని, మళ్లీ వచ్చింది. ఈసారి గొంతు బాగా తగ్గించింది.

"అరవద్దు పాపా. ఆయప్ప ఈడనే, మనింట్లోనే ఉండాడు. గుడి అయిపోతానే వచ్చినాడు. మొన్న తానిచ్చిన బాప్తిస్మం కాయితం బడికి ఇయ్యొద్దని, ఇస్తే ఏమైతాదో నీకే చెప్పాలని, నా కాళ్ల మింద పడబోతాండాడు. నువ్వు యాడా ఆగకుండా రా."